మూడో గది గాలి

బడి ఆఫీసు గది
సోమవారం

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను చేస్తే నువ్వు "ఊఁ", "ఆఁ" తప్ప మూడో మాట మాట్లాడవు. మీ క్యాంపులో సిగ్నల్ ఆ కాస్త కూడా నిలవదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. రోజూ మీకు సరుకులు తెచ్చే లారీ డ్రైవరు చేతికిస్తే నీకు అందుతుందని మరదలు చెప్పింది.

పదిహేడు నెలల తర్వాత ఇవాళ బడి తాళం తీశాను. తుప్పు పట్టి అది తెరుచుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. బోర్డుల మీద మూసేసిన రోజు తారీఖు అలాగే ఉంది. మూడో గదిలో సగం చేసిన భాగహారం ఉంది. శేషం ఎంతో తెలియకుండానే పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. నాకు మనసొప్పక సుద్దముక్క తీసుకుని పూర్తిచేశాను. రెండు మిగిలింది.

సంగతేమిటంటే, నెలలోపు బడి తెరవాలని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. బెంచీకి ఒక్కరే, రోజు విడిచి రోజు సగం మంది, అందరికీ మాస్కు. ఇవన్నీ నాకు అర్థమయ్యాయి. కుళాయిల్లో ఇన్నాళ్ళూ నిలవున్న నీళ్ళు వదిలేయమన్నారు, వదిలేస్తున్నాం. మొదట టీ డికాషన్‌లా వచ్చాయి. కానీ ఒక వాక్యం దగ్గర చతికిలపడ్డాను. "గదులలో గాలి సక్రమముగా ఆడునట్లు చూడవలెను." ఎలా చూడాలి? గాలి కనబడేదయితే చూసేదాన్నే కదా!

కొండ కడుపులో కిలోమీటర్ల లోపల ఉన్న మనుషులకి గాలి పంపేవాడివి నువ్వు. నా ఐదు గదులు నీకో లెక్కా? ఏం చెయ్యాలో వివరంగా రాయి. సొరంగం మేస్త్రీలకి చెప్పినట్టు కాదు, ఏమీ తెలియనిదానికి చెప్పినట్టు చెప్పు.

మన ఎందుకమ్మ మూసేనాటికి ఒకటో తరగతి. రెండో తరగతి మొత్తం మంచం మీద కూర్చుని ఫోన్లో చదివేసింది. ఇప్పుడు మూడో తరగతి, మూడో గది. "ఎందుకు, ఎందుకు" అని నా ప్రాణం తీసే మేనకోడలు వస్తే గానీ నాకు బడి తెరిచినట్టుండదు. అనుమతి ఫారం మీ ఇంటికి పంపాను. సంతకం సంగతి మరదలికి చెప్పు.

మీ అక్క


సొరంగం క్యాంపు, రెండో షెడ్డు
శుక్రవారం

అక్కా,

ఉత్తరం అందింది. "మీకు ఉత్తరాలు రాసేవాళ్ళు కూడా ఉన్నారా సార్?" అని డ్రైవరు ఆశ్చర్యపోయాడు. మా అక్క హెడ్‌మాస్టరమ్మ అని చెప్పాను. తప్పులు దిద్దడానికి నాది వెనక్కి పంపుతుందా అని అడిగాడు.

గాలికి రెండు దారులుండాలి. వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి. ఒక్కటే ఉంటే అది గది కాదు, సీసా. ముందు కిటికీలన్నీ తెరుచుకుంటాయో లేదో చూడు. రంగులేసేటప్పుడు రెక్కలూ చట్రాలూ కలిపేసి పూస్తారు, అవి అతుక్కుపోయి ఉంటాయి. కిటికీలకి పైన, గోడలో ఒక్కో ఫ్యాను పెట్టించు, గదిలో గాలిని బయటికి ఊదేలా. కప్పుకి వేలాడే ఫ్యాన్లని నమ్మకు. అవి గరిటెలాంటివి. గరిటె ఎంత తిప్పినా గిన్నెలో కూర మారదు కదా.

తర్వాత ఒక పుల్లకి సన్నటి దారం కట్టు. కిటికీ దగ్గర పట్టుకో, తలుపు దగ్గర పట్టుకో. దారం ఎటు వాలిందో గాలి అటు పోతున్నట్టు. మేం కొత్తవాళ్ళకి మొదటిరోజు నేర్పేది ఇదే.

నాకు కొన్ని సంగతులు తెలియాలి. కిటికీలు ఏ దిక్కున ఉన్నాయి? తలుపులు వరండాలోకా, బయటికా? గదికీ గదికీ మధ్య గోడ కప్పు దాకా ఉందా, లేక పైన ఖాళీ ఉందా? ఎందుకమ్మ గది పక్కన, నాలుగో గదిలో ఎవరు కూర్చుంటారు?

ఎందుకమ్మ సంగతి తర్వాత రాస్తాను.

నీ తమ్ముడు


బడి, మూడో గది
బుధవారం

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే వడ్రంగిని పిలిపించాను. ఇరవై రెక్కల్లో పదమూడు అతుక్కుపోయే ఉన్నాయి! సన్నటి ఉలి పెట్టి రంగు కోసి ఒక్కొక్కటీ లాగాడు. ఇన్నేళ్ళుగా ఈ గదుల్లో పాఠాలు చెబుతున్నాం, ఎవరికీ తెలియలేదంటే నాకే సిగ్గేసింది. నాలుగో గదిలో ఒకటో తరగతి పసివాళ్ళు కూర్చుంటారు. అక్కడి కిటికీ తెరవగానే ఎదురింటి మేడమీద బట్టలు ఆరేసే ఆవిడ కనబడింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

ఫ్యాన్లు బిగించారు. పుల్లకి దారం కట్టి మూడో గదిలో నిలబడ్డాను. అబ్బ, ఏం ఆడిందిరా! లెక్కల మాస్టారు వచ్చి చూసి, "మేడమ్, ఇక గాలి పరీక్షలో మనం పాసైపోయాం" అన్నారు. వచ్చే సోమవారం తెరుద్దామని నిర్ణయించేశాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అరవై నాలుగు ఫారాలు పంపితే నలభై ఒకటి సంతకాలతో వచ్చాయి. మీ ఇంటి ఫారం ఖాళీగా వచ్చింది. పొరపాటేమోనని నేనే వెళ్ళాను. మరదలు గుమ్మంలోనే నిలబడి, "ఆయన వద్దన్నారు వదినా" అంది. ఎందుకని అడిగితే, "ఒక్క లైను రాశారు, పిల్లని గదిలోకి పంపొద్దని. అంతే" అంది.

నాకేమో రెండు పేజీల గాలి పాఠమా? పెళ్ళానికేమో ఒక్క లైనా? ఊరందరి పిల్లల కోసం కిటికీలు తెరిపించి, నీ పిల్లకి మాత్రం తలుపు మూస్తావా? ఫారంలో, పిల్లకి ఏమైనా అయితే "పూర్తి బాధ్యత నాదే" అన్న వాక్యం చూసి జంకావా? అది పై ఆఫీసువాళ్ళు తమాషాకి పెట్టుకునే లాంఛనంరా. లోపలికి పిలిచి మరదలు ఇంకో మాట చెప్పింది. పిల్ల ఈ మధ్య ఏమీ అడగడం లేదట. పిలిస్తే పలుకుతుంది, పెడితే తింటుంది, గోడ చూస్తూ కూర్చుంటుంది. నేను అరగంట కూర్చున్నాను. "ఎందుకు" అన్న మాట ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు.

మాట దాటేయకుండా జవాబు రాయి.

అక్క


సొరంగం క్యాంపు, రెండో షెడ్డు
గురువారం

అక్కా,

నా కూతురి సంగతి నాకు వదిలెయ్.

దారం ఆడిందని సంబరపడకు. ఆడే గాలంతా కొత్త గాలి కాదు. నేనడిగినవాటిలో గోడ సంగతికి నువ్వు జవాబే రాయలేదు. మాకయితే గాలి మంచిదో కాదో చెప్పే మీటరుంది. మీకు లేదు. లేనప్పుడు తెరవకపోవడమే నయం. సోమవారం తెరవొద్దు.

తమ్ముడు


బడి వరండా, మెట్ల మీద
ఆదివారం

తమ్ముడూ,

నీ నాలుగు ముక్కల ఉత్తరం చదివి ముందు ఒళ్ళు మండింది. చింపేద్దామనుకున్నాను. రెండోసారి చదివితే అనుమానమొచ్చింది. నువ్వు కోపంతో రాసింది కాదది, భయంతో రాసింది. అందుకే తెరవడం వారం వాయిదా వేశాను.

మీటరు లేదు సరే. ఉన్నదేమిటి? ముక్కులున్నాయి! శనివారం స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు కమలాపండు ఒలుస్తున్నారు. ఒలుస్తూ, "జబ్బు తగ్గి ఏడాదైంది మేడమ్, ఇంకా నాకు వాసన తెలియదు. ఇది పండో బంతో తినేదాకా అనుమానమే" అన్నారు. ఆ గదిలో నాలుగు మూలలా వాసన గుప్పుమంటోంది, పాపం ఆయనకే లేదు. అప్పుడు తట్టిందిరా నాకు. గాలి కనబడదు, కానీ కమలాపండు తొక్క వాసన గాలితోనే పోతుంది. అది ఎక్కడ తేలితే గాలి అక్కడికి వెళ్ళినట్టే కదా?

సంతకాలు పెట్టినవాళ్ళ పిల్లల్ని ఐదుగురిని పిలిపించాను. పెద్దవాళ్ళ ముక్కుల మీద నాకు నమ్మకం పోయింది. ఇద్దరు మూడో గదిలో, ముగ్గురు నాలుగో గదిలో. బయట ఫ్యాను కింద మైదానంలో ఇంకో పిల్లని నిలబెట్టాను. ముక్కుకి వాసన తగలగానే చెయ్యెత్తాలి. వాసన తెలియదు కాబట్టి లెక్కల మాస్టారికి గడియారం అప్పగించాం. నేను మూడో గది మధ్యలో నిలబడి మూడు పళ్ళు ఒలిచాను.

ఏమైందో చెప్పుకో చూద్దాం. మూడో గదిలో వెంటనే చేతులు లేచాయి. బయట పిల్ల, "రాలేదు" అంది. ఒక నిమిషం. "ఇంకా రాలేదు." మూడు నిమిషాలు. "ఎందుకు రావట్లేదు?" ఇంతలో నాలుగో గదిలోంచి కేకలు, "వచ్చింది టీచర్! మాస్కులోంచి కూడా వచ్చింది!"

మూడో గది గాలి బయటికి పోవడం లేదురా. సరాసరి పసివాళ్ళ గదిలోకి పోతోంది.

నిచ్చెన వేయించి చూస్తే ఫ్యాను తిరగేసి బిగించారు. బయటి గాలిని లోపలికి ఊదుతోంది. నువ్వడిగిన గోడ కప్పు దాకా లేదు, పైన మూరెడు ఖాళీ ఉంది. ఫ్యాను తోస్తుంటే గాలి ఆ సందులోంచి దర్జాగా పక్క గదిలోకి దిగుతోంది. మరి దారం చెప్పలేదా అంటావు. కిటికీ దగ్గర, తలుపు దగ్గర పట్టుకోమని నువ్వు రాశావు. నేను చదివాను. చదివి మరీ గది మధ్యలో పట్టుకున్నాను! ముప్పై ఏళ్ళుగా టీచర్నిరా, గదిలో నిలబడటమంటే నాకు నడిమధ్య నిలబడటమే. అక్కడ ఏ గాలికైనా దారం ఆడుతుంది.

ఫ్యాను తిప్పి బిగించాం. గోడ మీది ఖాళీకి పలకలు కొట్టించాం. మళ్ళీ ఒలిచాను. నలభై సెకన్లలో బయట పిల్ల గెంతుతూ అరిచింది. నాలుగో గదిలో ఒక్క చెయ్యి లేవలేదు. మిగతా గదులు కూడా ఇలాగే చూశాం. ఇప్పుడు బడంతా పళ్ళ కొట్టులా ఉంది.

ఇక నువ్వు చెప్పు. "ఆడే గాలంతా కొత్త గాలి కాదు" అన్న మాట పుస్తకంలో చదివి రాసింది కాదు. అక్కడేదో జరిగింది. ఏం జరిగిందిరా?

అక్క


సొరంగం క్యాంపు, రెండో షెడ్డు
గురువారం

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. రెండు లారీలు వెళ్ళిపోయాయి.

బయట అంతా మూసేసినప్పుడు మాకూ పని ఆగిపోయింది. నలభై మందిమి ఈ షెడ్డులోనే ఉండిపోయాం. ఇద్దరికి జబ్బు తగిలితే చివరి గదిలో విడిగా పెట్టి, వాళ్ళ కిటికీలు తీసి ఉంచాం. అందరం పడుకునే హాల్లో మాత్రం చలికి కిటికీలన్నీ మూసేశారు. ఉక్కపోత, వాసన. "గాలి ఇంజనీరు మనతోనే ఉన్నాడు, మనకి గాలి లేదు" అని వేళాకోళం మొదలుపెట్టారు. నేను హాలు గోడకి ఫ్యాను బిగించాను. బయటికి ఊదేలా, సరిగ్గానే బిగించాను. దారం పట్టి చూశాను. ఎగిరెగిరి ఆడింది. అందరూ చప్పట్లు కొట్టారు. వంటాయన నా వీపు తట్టి, ఈ షెడ్డులో ఇన్నాళ్ళకి హాయిగా నిద్రపోతున్నానన్నాడు.

బయటికి పోయే గాలిని చూశాను. దాని బదులు లోపలికి వచ్చే గాలి ఎక్కడినుంచి వస్తోందో చూడలేదు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి కదక్కా. ఇంకెక్కడినుంచి వస్తుంది? చివరి గది తలుపు కింద సందులోంచి వచ్చింది. జబ్బువాళ్ళ గది గాలిని నా ఫ్యాను లాగి, వరసగా పడుకున్నవాళ్ళ మీదుగా నడిపించింది. నాలుగు రోజుల తర్వాత ఆ సందు దగ్గర కాగితం ముక్క ఎగరడం చూసి అర్థమైంది.

తొమ్మిదిమందికి తగిలింది. ఎనిమిదిమంది లేచారు. వంటాయన లేవలేదు.

అందరూ కలిసే తిన్నారు, కలిసే పేకాడారు, ఎలాగైనా అంటుకునేదే అన్నాడు డాక్టరు. కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఫ్యాను సంగతి ఎవరికీ తెలియదు. తీసేసి, చలి ఎక్కువైంది అని చెప్పాను. ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇది నా పని. ఇరవై ఏళ్ళుగా తిండి పెట్టిన పని. అందులోనే తప్పు చేశాను, అదీ ధీమాగా. నీ ఫారం మీ మరదలు ఫోన్లో చదివి వినిపిస్తే విన్నాను. "పూర్తి బాధ్యత నాదే." నీకది లాంఛనం. నేను ఆ మాట దగ్గరే ఫోను పెట్టేశాను. ఒకటి మోస్తున్నాను, రెండోదానికి నా దగ్గర చోటు లేదు.

నీ కమలాపళ్ళ ఉత్తరం చాలాసార్లు చదివాను. నాకెందుకు తట్టలేదా అని.

తమ్ముడు


బడి ఆఫీసు గది
మంగళవారం

నా తండ్రీ,

చదివి చాలాసేపు ఏడ్చాను. ఏడాదిన్నర ఇది కడుపులో పెట్టుకుని తిరిగావా?

నీ తప్పేమీ లేదని రాయను. రాసినా నువ్వు నమ్మవు. తప్పే. నేనూ అదే తప్పు చేశాను, అదీ నీ ఉత్తరం చేతిలో పట్టుకుని! మనిద్దరికీ ఉన్న తేడా ఒక్కటే. నా తప్పుని ఒక ఎనిమిదేళ్ళ పిల్ల పట్టుకుంది. నువ్వే బిగించి, నువ్వే చూసి, నువ్వే బాగుందనుకున్నావు. పట్టుకునేవాళ్ళు నీకు లేకపోయారు. అందుకే ఇప్పుడు బడిలో ఒక పద్ధతి పెట్టాను. కిటికీ తెరిచినవాళ్ళు దాన్ని పరీక్షించకూడదు, వేరేవాళ్ళు పరీక్షించాలి. నేను తెరిస్తే మాస్టారు చూస్తారు, మాస్టారు తెరిస్తే నేను చూస్తాను.

నీ దగ్గర ఒక సంగతి దాచాను. బయట నిలబెట్టిన పిల్ల ఎవరో రాయలేదు. నీ కూతురే. కోప్పడకు. "గదిలోకి పంపొద్దన్నారు గానీ మైదానంలోకి వద్దనలేదు కదా వదినా" అని మరదలే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నోట్లో నాలుక లేనిదనుకున్నాను మరదల్ని, లాయర్లా పాయింటు పట్టింది! వాసన రాకపోయేసరికి పిల్ల మొదలుపెట్టింది. ఎందుకు రావట్లేదు, ఎటు పోయింది, గోడ లోపల ఏముంది, ఫ్యానుకి వెనకా ముందూ ఎలా తెలుస్తుంది. పద్నాలుగు ప్రశ్నలని మాస్టారు లెక్కపెట్టారు. "నాన్న ఉంటే చెప్పేవాడు" అంది. మరదలు కొంగు నోట్లో కుక్కుకుని పక్కకి వెళ్ళిపోయింది.

నిన్న బడి తెరిచాం. ఒకటో తరగతివాడొకడు నన్ను గుమ్మంలో ఎగాదిగా చూసి, "టీచర్‌కి కాళ్ళున్నాయి!" అని అరిచాడు. ఫోన్లో ముఖమే కదా చూసింది. మూడో గదిలో ఒక బెంచీ ఖాళీగా ఉంది. పిల్ల ఇవాళ కూడా మైదానంలోకి వచ్చి కిటికీలోంచి పాఠం విని వెళ్ళింది. ఎండలో నిలబడే వింది. అక్కడ నిలబెట్టి చదివించలేను తమ్ముడూ, నావల్ల కాదు.

ఫారం గురించి. నువ్వు చెప్పాక మళ్ళీ చదివాను. సిగ్గేసింది. కిటికీ మాది, ఫ్యాను మాది, బాధ్యత మాత్రం తల్లిదండ్రులదా? లాంఛనమని నీ మొహాన ఎంత సులువుగా అనేశాను! ఆ వాక్యం అరవై నాలుగు ఫారాల్లోనూ కొట్టేశాను. దాని కింద నా చేత్తో రాశాను: "గాలి మేము చూశాం. మేము చూసినదాంట్లో తప్పుంటే ఆ తప్పు మాది." కింద నా సంతకం, దాని పక్కన మాస్టారి సంతకం. పై ఆఫీసువాళ్ళు చీవాట్లు పెడితే పెట్టనీ.

మీ ఫారం దీనితో పంపుతున్నాను. మా సంతకాల కింద చోటుంది. పంపకపోయినా నువ్వు నా తమ్ముడివే, నీ మీద కోపం రాదు. కానీ మోసేది నువ్వొక్కడివే అనుకుని ఆగిపోకు.

అక్క


సొరంగం క్యాంపు, రెండో షెడ్డు
శుక్రవారం

అక్కా,

నిన్న వంటాయన భార్యకి ఉత్తరం రాశాను. ఫ్యాను సంగతి, తలుపు కింద సందు సంగతి, ఎవరికీ చెప్పకుండా తీసేసిన సంగతి, అన్నీ రాశాను. ఏం జవాబిస్తుందో తెలియదు. అసలు ఇవ్వకపోవచ్చు. మా పెద్ద ఇంజనీరుకి కూడా చెప్పాను. ఆయన విని, ఇకనుంచి నువ్వు బిగించినవి నేను చూస్తాను, నేను బిగించినవి నువ్వు చూడు అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది, అదేమిటో తెలియదు.

పిల్ల ఎండలో నిలబడి పాఠం విందని చదివినప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. నాన్న ఉంటే చెప్పేవాడు అందట. నాన్నకే తెలియలేదని ఎప్పుడో ఒకరోజు దానికి నేనే చెప్పాలి. కాస్త పెద్దదయ్యాక చెబుతాను.

ఫారం సంతకం చేసి దీనితో పంపుతున్నాను. మీ ఇద్దరి వాక్యంలో ఒక్క మాట మార్చాను, హెడ్‌మాస్టరమ్మవి కాబట్టి ముందే చెబుతున్నాను. "ఆ తప్పు మాది" అన్నదాన్ని కొట్టేసి "మనది" అని రాశాను.

సోమవారం వెళ్ళనీ. మొదటిరోజు ఎలా గడిచిందో రాయి. "బాగుంది" అని రాయకు, జరిగింది జరిగినట్టు రాయి. ఏ బెంచీలో కూర్చుంది, ఎవరితో మాట్లాడింది, ఎన్నిసార్లు దగ్గింది, ఏం అడిగింది.

భయం పోలేదక్కా. భయపడుతూనే పంపుతున్నాను.

నీ తమ్ముడు